గోదావరి నీరు, పెట్ స్కాను, తనిఖీ సంతకం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రామాలయం గురించీ, సింగరేణి గురించీ వ్రాయడానికి నాకంటె పెద్దలు, తెలిసినవారు ఉన్నారు. అందుచేత ఎవరూ తలపెట్టని విషయం ఒకటి ఎంచుకున్నాను. అశ్వాపురం దగ్గర గౌతమీనగర్ భారజల కర్మాగారం మనందరికీ తెలిసినదే. అక్కడ తయారయ్యే ఒక రకం నీటికీ, మన సభ్యులలో కొందరు హైదరాబాదు వెళ్లి చేయించుకుంటున్న పెట్ స్కానుకూ సంబంధం ఉన్నదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ నీటికీ ఆ స్కానుకూ నడుమ ఒక తనిఖీ ఉన్నది. ముప్పై అయిదేళ్లు రెవెన్యూ ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను కనుక నా మనసు ఆ తనిఖీ మీదికే పోయింది.

ముందు కర్మాగారం సంగతి. 1980ల మొదట్లో నేను పాల్వంచ డివిజనులో జూనియర్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. అప్పటికి అశ్వాపురం అంటే అడవి, వరి మడులు, కోయ గూడేలు, వానాకాలం దాటలేని వాగులు. ఆ చోటే ఎందుకంటే, ఒక ప్రక్క గోదావరి, ఇంకొక ప్రక్క మణుగూరు బొగ్గు. ఈ రకం కర్మాగారానికి నీరు, ఆవిరి, కరెంటు మూడూ విపరీతంగా కావాలి. 1991 డిసెంబరులో పని ప్రారంభించినది. ఏడాదికి 185 టన్నుల భారజలం తీసే సామర్థ్యంతో కట్టారు. ఆవిరికీ, కరెంటుకూ బొగ్గుతో నడిచే సొంత విద్యుత్కేంద్రం ఉన్నది. అప్పట్లో అది ఖమ్మం జిల్లాలోది. 2016 అక్టోబరు 11 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోది.

కట్టేటపుడు పుట్టిన వదంతులు ఇన్నీ అన్నీ కావు. అణు ఫ్యాక్టరీ వస్తున్నదట, పంటలు మాడిపోతాయట, ఆడవాళ్లకు పిల్లలు పుట్టరట. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోది కనుక గోదావరికి అవతల కరణాలు అడంగలు వ్రాసేవారు, ఇవతల పట్వారీలు పహాణీ వ్రాసేవారు. లెక్కలు వేరైనా వదంతి విషయంలో మాత్రం రెండు గట్లూ ఒకటే. నిజమేమిటంటే భారజలానికి అణుధార్మికత లేదు. అది బరువైన నీరు, అంతే. అక్కడ నిజంగా భయపడవలసినది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువయితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి పడిపోతాడు. వాసన రావడం లేదు కనుక క్షేమమే అనుకోవడానికి వీలులేదన్న మాట. జనం భయపడినది ఒకదానికి, జాగ్రత్త పడవలసినది ఇంకొకదానికి.

నీటిలోని హైడ్రోజన్ పరమాణువులలో సుమారు ఆరున్నర వేలకు ఒకటి బరువైనది ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. పొడుగాటి స్తంభాలలో పైనుండి నీరు దిగుతుంటే క్రిందినుండి ఆ దుర్వాసన వాయువు ఎక్కుతుంది. చల్లని స్తంభంలో డ్యుటీరియం వాయువును విడిచి నీటిలోకి చేరుతుంది. సుమారు 130 డిగ్రీల వేడి స్తంభంలో నీటిని విడిచి వాయువులోకి వెళుతుంది. ఇలా ఇటూ అటూ త్రిప్పి, త్రిప్పి, కొంత చిక్కబడిన తరువాత గాలి తీసివేసిన స్తంభాలలో మరిగించి స్వేదనం చేస్తారు. ఈ చివరి విద్యను గుర్తుంచుకొమ్మని మనవి. తరువాత అక్కరకు వస్తుంది.

భారజలం విద్యుత్తుకే గాక వైద్యానికి కూడా దారి. ట్రాంబేలో 1956 ఆగస్టు 4న ప్రారంభమయిన అప్సర రియాక్టరుతో మనదేశంలో ఐసోటోపుల తయారీకి బీజం పడినది. 1960లో సిరస్, 1985లో ధ్రువ వచ్చాయి. ఈ చివరి రెండూ భారజలంతో నడిచే రకాలు. వీటిలో తయారయిన అయోడిన్-131 థైరాయిడ్ జబ్బులకు, మాలిబ్డినం నుండి వచ్చే టెక్నీషియం ఎముకల స్కానుకు, గుండె స్కానుకు వాడుకలోకి వచ్చాయి. బొంబాయి పరేలులో 1963లో రేడియేషన్ మెడిసిన్ సెంటరు నెలకొల్పారు. ఈ సరుకు తయారుచేసి ఆసుపత్రులకు పంపే పని 1989 నుండి బ్రిట్ అనే సంస్థ చూస్తున్నది. ఇవన్నీ ఒకే గొలుసులోని లంకెలు. ఒకటి తెగితే ఏమవుతుందో లోకానికి 2009లో తెలిసివచ్చింది. కెనడాలో చాక్ రివర్ వద్ద ఉన్న పాత రియాక్టరు ఆ మే నెలలో ఆగి, 2010 ఆగస్టు దాకా తిరగలేదు. ప్రపంచమంతటా మాలిబ్డినం కరువు వచ్చి స్కానులు వాయిదా పడ్డాయి.

పెట్ స్కాను కథ కొంచెం వేరు. దానికి రియాక్టరు అక్కరలేదు, సైక్లోట్రాన్ అనే యంత్రం కావాలి. 1976లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో టట్సువో ఇడో అనే జపాను శాస్త్రజ్ఞుడు, తోటివారితో కలసి, చక్కెరను పోలిన పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించారు. దానిని విమానంలో ఫిలడెల్ఫియాకు చేర్చి, ఆగస్టులో మొదటిసారి మనుషులకు ఎక్కించారు. క్యాన్సరు కణం ఆబగా చక్కెర తింటుంది కనుక ఈ దొంగ చక్కెర అక్కడ పోగుపడి తన ఉనికి చెబుతుంది. దీని పొట్టి పేరు ఎఫ్.డి.జి. మనదేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్ పరేలు సెంటరులోనే 2002లో వచ్చింది. తరువాత హైదరాబాదులో కూడా వచ్చాయి.

ఆ ఫ్లోరిన్-18ని దేనినుండి తీస్తారు? ఆక్సిజన్-18 ఉన్న నీటినుండి. మామూలు నీటిలో వెయ్యి అణువులకు రెండే అలాంటివి. దానిని నూటికి తొంభై అయిదు పాళ్ల దాకా చిక్కబరచాలి. పూర్వం ఈ నీరు విదేశాలనుండే కొనవలసి వచ్చేది. ఇటీవలి సంవత్సరాలలో మన మణుగూరు భారజల కర్మాగారమే దానిని తయారుచేస్తున్నది. గుర్తుంచుకొమ్మన్న స్వేదన విద్యే ఇక్కడ పనికివచ్చింది. రెండు రకాల నీళ్లూ మరిగే వేడిలో ఉన్న తేడా ఒక డిగ్రీలో ఏడో వంతు మాత్రమే. అంత చిన్న తేడాను పట్టుకొని వేరుచేయాలంటే ఎంతెంత ఓపిక కావాలో ఊహించుకోండి. ఒక మోతాదు తయారీకి సైక్లోట్రానులో పోసేది రెండు మూడు మిల్లీలీటర్లే, అంటే ఒక చిన్న చెంచాకు తక్కువ. సదరు నీటిలో అణుధార్మికత లేదు. సైక్లోట్రానులో ప్రోటానులు తగిలిన తరువాతే దానిలోని ఆక్సిజన్ ఫ్లోరినుగా మారుతుంది.

ఇక తనిఖీ. మొదటి తనిఖీ నీటికే జరుగుతుంది. ఆక్సిజన్-18 ఎంత పాలు ఉన్నదో మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంతో కొలుస్తారు. లవణాలు, లోహాలు, సేంద్రియ పదార్థాలు, సూక్ష్మజీవులు ఏమాత్రం ఉన్నా పనికిరాదు. నీటిలో మురికి ఉంటే ఫ్లోరిన్ పుట్టినా చక్కెరకు అంటుకోదు. ఈ వివరాలన్నీ వ్రాసిన సర్టిఫికెటు సీసాతోపాటు వెళుతుంది. అది లేని సీసా మూత తీయరు.

అసలు చిక్కు తరువాతి మెట్టులో ఉన్నది. ఫ్లోరిన్-18కి అర్ధాయుష్షు 110 నిమిషాలు. అంటే పది గంటలకు వంద పాళ్లు ఉన్న మందు, పన్నెండు కావడానికి పది నిమిషాల ముందే యాభై పాళ్లకు దిగుతుంది. తనిఖీ చేసేవాడు తీరికగా కూర్చుంటే మందు కరిగిపోతుంది. తొందరపడితే తప్పు సరుకు రోగి నరంలోకి పోతుంది. మన ఆఫీసులలో ఫైలు టేబులు మీద వారం పడుకున్నా దానిలోని అక్షరాలు చెదరవు. వీరి ఫైలు చేతిలో ఉండగానే మాసిపోతుంది.

అందుకని చేయవలసిన పరీక్షలు చకచకా చేస్తారు. మందు తేటగా, మడ్డి లేకుండా ఉన్నదా. పులుపు, క్షారం హద్దులో ఉన్నాయా. ఫ్లోరిన్ అంతా చక్కెరకు పట్టినదా, విడిగా ఏమైనా మిగిలినదా. తయారీలో వాడే క్రిప్టోఫిక్స్ అనే విష పదార్థం పోయిందా. వాడిన ద్రావకాలు ఆవిరయ్యాయా. ఇది నిజంగా ఫ్లోరిన్-18యేనా అని తెలుసుకోవడానికి ఒక చమత్కారమైన పద్ధతి ఉన్నది. కొంత వ్యవధి ఇచ్చి రెండుసార్లు కొలిచి, ఎంత తరిగిందో లెక్కగడతారు. అర్ధాయుష్షు 105 నుండి 115 నిమిషాల మధ్య తేలితే సరే, లేకపోతే అది వేరే సరుకు. కరిగిపోవడమే దాని గుర్తింపు కార్డు. జ్వరం తెప్పించే సూక్ష్మజీవుల విషం ఉన్నదేమో చూడడానికి పూర్వం కుందేలుకు సూదివేసి గంటల తరబడి జ్వరం చూసేవారట. ఇప్పుడు గుర్రపునాడా పీత అనే సముద్రజీవి రక్తంనుండి తీసిన మందుతో కొద్ది నిమిషాలలో తేలిపోతుంది. మన తూర్పు తీరంలో, ఒరిస్సా బాలసోరు ప్రాంతంలో ఈ పీతలు ఉన్నాయి.

ఇన్ని చేసినా ఒకటి మిగిలిపోతుంది. మందులో సజీవమైన సూక్ష్మజీవి ఒక్కటైనా ఉన్నదా అనే పరీక్ష. దానికి మందు బొట్టును పోషక ద్రవంలో వేసి 14 రోజులు వేచి చూడాలి. పధ్నాలుగు రోజులకు మందు ఎక్కడిది? రోగి స్కాను చేయించుకొని ఇంటికి పోయి రెండు వారాలు అయి ఉంటుంది. ఇక్కడే వాలిడేషన్ అనే మాట వస్తుంది. సరుకు తయారయిన తరువాత పరీక్షించి మంచిచెడ్డలు తేల్చే వ్యవధి లేనపుడు, తయారుచేసే పద్ధతినీ, యంత్రాన్నీ, మనిషినీ ముందే పరీక్షించి, ఈ దారిలో వచ్చిన ప్రతి సీసా శుద్ధంగానే ఉంటుందని రుజువు చేసి కాగితం మీద పెట్టాలి.

ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. 1972 ప్రారంభంలో ఇంగ్లండులో ప్లిమత్ పట్టణపు డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో గ్లూకోజు సెలైను ఎక్కించిన రోగులలో అయిదుగురు చనిపోయారు. క్లోథియర్ కమిటీ విచారణ చేసింది. సీసాలను ఆవిరి పెట్టెలో పెట్టి శుద్ధిచేసేటపుడు లోపల గాలి చిక్కుకొని, అడుగు వరుస సీసాలకు వేడి తగలలేదు. పరీక్షకు తీసినవి పై వరుసలోని సీసాలు. అవి శుభ్రంగానే తేలాయి. వేడి చాలలేదని ఒక కొలమానం చూపిస్తే, అదే చెడిపోయినదనుకొన్నారు. తనిఖీ జరిగింది, రిజిస్టరులో సంతకం పడింది, మనుషులు పోయారు. జమాబందీకి వచ్చిన దొరవారికి బాగున్న నాలుగు ఖాతాలు చూపించి పంపిన తంతు మనలో పాతవారికి చెప్పనక్కరలేదు. నాలుగు సీసాలు బాగుంటే నాలుగు వేలు బాగున్నట్టు కాదని ఆ తరువాత గ్రహించారు. 1970ల నడుమ అమెరికా ఔషధ శాఖ అధికారులు టెడ్ బయర్స్, బడ్ లోఫ్టస్ అనేవారు వాలిడేషన్ అనే మాటను ముందుకు తెచ్చారు.

అణు ఔషధాలకు ఇది ఎలా చేస్తారంటే, మందుకు బదులు సూక్ష్మజీవులు ఇష్టంగా తినే పోషక ద్రవాన్ని అదే గొట్టాలలో, అదే వడపోత గుండా, అదే మనిషి చేత సీసాలలోకి పోయిస్తారు. ఆ సీసాలను 14 రోజులు వెచ్చగా ఉంచుతారు. ఒక్క సీసా మసకబారినా ఆ మనిషి, ఆ పద్ధతి నెగ్గనట్టే. కారణం వెతికి సరిచేసి మళ్లీ మొదలు. కొత్తగా పద్ధతి పెట్టినపుడు వరుసగా మూడుసార్లు నెగ్గాలి. కొత్తగా చేరినవాడు కూడా ఈ పరీక్ష దాటితేగాని మందు ముట్టరాదు. మన సర్వీసులో డిపార్టుమెంటల్ పరీక్ష ఒకసారి ప్యాసయితే రిటైరయ్యేదాకా సరిపోయేది. వీరికి మాటిమాటికీ ఉంటుంది.

వారి రిజిస్టర్ల నియమాలు విన్నపుడు మాత్రం నాకు సొంత ఊరికి వెళ్లినట్లనిపించింది. దిద్దరాదు, చెరపరాదు, తెల్లరంగు పూయరాదు. తప్పు వ్రాస్తే క్రింది అక్షరం కనబడేటట్టు ఒక్క గీత కొట్టి, ప్రక్కన సరైనది వ్రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. పని జరిగినపుడే వ్రాయాలి, సాయంత్రం కూర్చుని వ్రాయరాదు. తయారుచేసినవాడు విడుదల చేయరాదు, విడుదల సంతకం వేరొకరిది. సర్వీసు రిజిస్టరుకూ, క్యాష్ బుక్కుకూ మనకు నేర్పినవి ఇవే గదా. బిల్లు వ్రాసినవారే పాస్ చేస్తే ట్రెజరీ ఎందుకు? లెక్క చూపడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. పాల్వంచ పరగణా తహశీలుదారు కంచర్ల గోపన్న గారు సర్కారు పైకం గుడికి ఖర్చుపెట్టి గోలకొండ చెరలో ఉన్నారు. ఆయనను లోకం భక్తుడిగా తలచుకుంటుంది. మా శాఖవారం మాత్రం ఆడిట్ అభ్యంతరం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఆయననే ఉదాహరణగా చెప్పుకొనేవాళ్లం.

ఇదంతా నేను పుస్తకాలలో చదివి వ్రాస్తున్నది మాత్రమే కాదు. కొన్నేళ్ల క్రిందట మా బావమరిదికి మెడలో గ్రంథులు వాచి, పెట్ స్కాను చేయించాలన్నారు. ఆయన రిటైరయిన ఉపాధ్యాయుడు, చక్కెర వ్యాధి ఉన్నది. కొత్తగూడెంలో భద్రాచలం రోడ్ స్టేషనులో రాత్రి రైలెక్కి, తెల్లవారి ఏమీ తినకుండా ఆసుపత్రికి చేరాము. మాతోపాటు ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. పదిన్నరకు ఒక కుర్రవాడు వచ్చి, ఈవేళ మందు రాలేదు, రేపు రండి అన్నాడు. మా బావమరిదికి కోపం వచ్చేసింది.

"చూశావా బావా, ముసలివాళ్లంటే వీళ్లకు లెక్కలేదు. రాత్రంతా నిద్ర లేదు, పొద్దుటినుండి మంచినీళ్లే" అని గట్టిగా కేకలు వేశాడు.

నేను ఆ అబ్బాయిని ప్రక్కకు పిలిచి, "ఏమి బాబూ, బండి చెడిందా, మందే తయారు కాలేదా?" అని అడిగాను.

"తయారయింది సార్. వడపోసిన తరువాత ఆ ఫిల్టరుకు చేసే పరీక్షలో నిలబడలేదు. అందుకని మా వాళ్లు విడుదల చేయలేదు."

ఆ పరీక్ష ఏమిటో కూడా ఓపికగా చెప్పాడు. వడపోత పొర రంధ్రాలు మిల్లీమీటరులో నాలుగైదు వేల వంతు ఉంటాయట. తడిసిన పొర గుండా గాలిని నొక్కుతారు. చెప్పిన ఒత్తిడికంటె ముందే బుడగలు వచ్చాయంటే పొరలో ఎక్కడో చిరుగు ఉన్నట్టు. చిరుగు ఉంటే సూక్ష్మజీవి దాటి ఉండవచ్చు. నిజంగా దాటిందో లేదో 14 రోజులకుగాని తెలియదు. కనుక ఆ పూట సరుకంతా సీసపు డబ్బాలో పక్కనపెట్టి, కరిగిపోనిచ్చారు. ఎనిమిది మంది రోగులు బయట అరుస్తున్నారని తెలిసి కూడా ఎవరో ఒకరు లోపల కూర్చుని సంతకం పెట్టలేదు. సర్వీసులో ఉన్నపుడు, అయ్యవారు కారులో కూర్చున్నారు త్వరగా సంతకం పెట్టవయ్యా అని నా మీద ఎన్నిసార్లు ఒత్తిడి వచ్చిందో నాకు తెలుసు. అందుచేత ముఖం చూడని ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. మా బావమరిదికి ఇదంతా చెబితే, "ఆ గౌరవమేదో నువ్వు కూడా ఉపవాసం ఉండి చూపించు" అన్నాడు. ఆ రాత్రి సత్రంలో ఉండి మర్నాడు స్కాను చేయించాము. అది చూసి డాక్టర్లు వైద్యం మార్చారు. ఇప్పుడు ఆయన పాల్వంచలో ఉంటున్నాడు, పొద్దుటిపూట నడకకు వెళుతున్నాడు, కోపం మాత్రం తగ్గలేదు.

ఈ పనిచేసేవారిది అర్ధరాత్రి ఉద్యోగం. తెల్లవారి స్కానుకు మందు అందాలంటే వేకువజామున రెండు మూడు గంటలకే సైక్లోట్రాన్ తిరగాలి. దళసరి సీసపు గోడల వెనుక అంతా యంత్రాల చేత చేయించి, తనిఖీకి తీసిన కొద్ది బొట్లు మాత్రం మనుషులు ముడతారు. ప్రతివారి ఒంటిమీద ఎంత ధార్మికత సోకినదో కొలిచే బిళ్ల ఉంటుంది, దానికీ లెక్క ఉంటుంది. ఈ భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడినది. సరుకు బాగుంటే ఎవరికీ వీరు గుర్తురారు.

గౌతమీనగర్‌లో పనిచేసి రిటైరయినవారు ఈ చుట్టుప్రక్కల చాలామంది ఉన్నారు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగిన వరదలను చూసిన తరం అది. వారెవరైనా ఈ ఆక్సిజన్ నీటి సంగతులు తమ అనుభవంనుండి వ్రాస్తే నా వ్యాసంకంటె బాగుంటుంది. సంపాదకవర్గం వారు అడగవలసినదిగా కోరుతున్నాను.

పెట్ స్కానుకు వెళ్లే సభ్యులకు నాలుగు మాటలు. చక్కెర వ్యాధి ఉన్నవారు ముందుగానే ఆసుపత్రికి తెలియజేసి, మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో అడగండి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే దొంగ చక్కెర కణాలలోకి సరిగా పోదు, స్కాను వృథా అవుతుంది. చెప్పిన వేళకు చేరండి, మీ పేర తూచిన మందు మీ కోసం ఆగదు. సూది వేసిన తరువాత మాటలాడకుండా కదలకుండా పడుకోమంటారు, పడుకోండి. స్కాను తరువాత నీళ్లు బాగా త్రాగండి. పదకొండు గంటలకు మందు అరవై నాలుగో వంతుకు దిగిపోతుంది గనుక, ఆ రోజుకు మాత్రం గర్భిణులకూ, ఒడిలో కూర్చునే మనవలకూ కొంచెం ఎడంగా ఉండండి. పాత స్కాను రిపోర్టులు, సీడీలు పారవేయకుండా పింఛను కాగితాల సంచిలోనే ఉంచుకొని వెంట తీసుకువెళ్లండి, డాక్టర్లు మొదట అడిగేది వాటినే.